మందుల చీటీ ఎవరు రాయొచ్చు? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

డాక్టర్లు కాని ఆరోగ్య వృత్తుల వాళ్లకు, అంటే ఫిజియోథెరపిస్టులు, నర్సులు, ఆప్టోమెట్రిస్టులు (కంటి చూపు పరీక్షించేవాళ్లు), పారామెడిక్‌ల వంటి వారికి మందులు రాసే హక్కు ఇవ్వాలా అన్న విషయం మీద ప్రశ్నలు పంపమని కోరాం. వచ్చినవాటిలో ఎక్కువమందికి పనికొచ్చేవి ఇక్కడ తీసుకున్నాం. ఫార్మకాలజీ చెప్పేవాళ్లు, మందుల చట్టం తెలిసినవాళ్లు కలిసి రాసిన జవాబులివి. అడిగినవారి పేర్లు వదిలేశాం.

ప్రశ్న: బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చదివి సొంతంగా క్లినిక్ నడుపుతున్నాను. మోకాళ్లు, నడుము నొప్పులతో వచ్చేవాళ్లకు అయిదు రోజులకు నొప్పి బిళ్లలు, గ్యాస్ బిళ్ల, పూత మందు నా లెటర్‌ప్యాడ్ మీద రాసిస్తున్నాను. షాపులో ఇస్తున్నారు. 2021లో మాకు ప్రత్యేక చట్టం కూడా వచ్చింది కదా, ఇది సక్రమమేనా? (ఫిజియోథెరపిస్ట్, గుంటూరు జిల్లా)

పూత మందు వరకు ఇబ్బంది లేదు. బిళ్లలు రాయడం మాత్రం సక్రమం కాదు.

మీరు చెబుతున్న 2021 చట్టం అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్‌ను ఏర్పాటు చేసింది. ఫిజియోథెరపీని గుర్తింపు ఉన్న వృత్తిగా నిలబెట్టింది, రిజిస్టర్ పెట్టింది, చదువుకు కనీస గంటలు నిర్ణయించింది (మీ తరహా వృత్తులకు 3,600 గంటలకు తగ్గకుండా). ఇవన్నీ మంచి పనులే. కానీ మందులు రాసే హక్కు ఇచ్చే సెక్షన్ అందులో ఒక్కటీ లేదు. ఆ హక్కు సంగతి తేల్చేది 1945 నాటి ఔషధ నిబంధనలు. వాటిలో 2(ఈఈ) నిబంధన చీటీ రాయగలవాళ్లెవరో చెబుతుంది: ఆధునిక వైద్యంలో రిజిస్టరైన డాక్టర్లు, డెంటిస్టులు, పశువైద్యులు, ఇంకా రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా ఉత్తర్వు ఇచ్చి ప్రకటించిన కొందరు రిజిస్టర్డ్ వైద్యులు. ఫిజియోథెరపిస్టులు ఆ జాబితాలో లేరు.

ఇక ఏ మందుకు చీటీ కావాలి అన్నది. నొప్పికి వాడే డైక్లోఫెనాక్ బిళ్ల, గ్యాస్‌కు వాడే పాంటాప్రజోల్ బిళ్ల షెడ్యూల్ హెచ్‌లో ఉన్నాయి, కాబట్టి రిజిస్టర్డ్ డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలి. అదే డైక్లోఫెనాక్ జెల్ అయితే ఆ షెడ్యూల్ కిందికి రాదు. పైపూతగా వాడే మందుల్ని షెడ్యూల్ హెచ్ చాలావరకు మినహాయించింది. స్టెరాయిడ్ పూతలకు మాత్రం ఆ వెసులుబాటు లేదు. పారాసెటమాల్ 500 బిళ్లకూ చీటీ అక్కర్లేదు. డైక్లోఫెనాక్ జెల్, పారాసెటమాల్ ఈ రెండూ మీరు సలహాగా చెప్పొచ్చు. అనుమానం వస్తే అట్ట మీద ఆర్‌ఎక్స్ గుర్తు, షెడ్యూల్ హెచ్ హెచ్చరిక ఉన్నాయేమో చూడండి. ఉంటే దాన్ని మీరు రాయకూడదు.

నొప్పి బిళ్లల మీద ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. మీ దగ్గరికి మోకాలి నొప్పితో వచ్చే అరవై ఏళ్లావిడ చాలాసార్లు బీపీ మనిషే అయి ఉంటుంది. ఆమె టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిపిన బిళ్ల వేసుకుంటూ ఉండొచ్చు. మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే సన్నని నాళాల గుత్తులుంటాయి. డైక్లోఫెనాక్ ఆ గుత్తికి రక్తం తెచ్చే నాళాన్ని బిగిస్తుంది. టెల్మిసార్టాన్ రక్తం బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. మూడూ ఒకేసారి పనిచేస్తే గుత్తిలో ఒత్తిడి పడిపోయి వడపోత ఆగుతుంది. మే నెల ఎండలో, లేదా రెండు రోజులు విరేచనాలైనప్పుడు ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలా మూత్రపిండాల జబ్బు ముందే విస్తారంగా ఉన్న ప్రాంతాల్లో ఒక్క వారం నొప్పి బిళ్లలు కూడా మనిషిని డయాలసిస్‌కు దగ్గర చేయగలవు. యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడే గుండె రోగికి అవే బిళ్లలు కడుపులో రక్తస్రావం తేవచ్చు. ఉబ్బసం ఉన్న కొందరికి ఊపిరి ఆడకుండా చేస్తాయి. ఆరో నెల దాటిన గర్భిణికి అవి అసలు ఇవ్వకూడదు.

లెటర్‌ప్యాడ్ మీద బిళ్లలు రాసే బదులు డాక్టరుకు ఒక చిన్న ఉత్తరం రాయండి. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్లుగా, పదికి ఎంత; మీరు చూసిన బీపీ; రోగి ఇప్పుడు వాడుతున్న మందుల పూర్తి జాబితా (అట్టలు తెప్పించి చూసి రాసింది); షుగర్, కిడ్నీ, గుండె, ఉబ్బసం, కడుపులో పుండు ఉన్నాయా; మీరు చేయబోయే చికిత్స ఎన్ని వారాలు. ఇంత సమాచారం ఉన్న ఉత్తరం తీసుకెళ్లిన రోగికి డాక్టరు అయిదు నిమిషాల్లో సరైన నిర్ణయం తీసుకోగలడు. రేపు మీ వృత్తికి హక్కు వచ్చినా మీరు చేయాల్సిన మొదటి పని ఇదే కాబట్టి ఇప్పుడే అలవాటు చేసుకోండి.

ప్రశ్న: గ్రామ ఆరోగ్య కేంద్రంలో ఎంఎల్‌హెచ్‌పీగా (మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్తగా) పనిచేస్తున్నాను. బీపీ, షుగర్ మందులు నెలనెలా నేనే ఇస్తాను. బీపీ తగ్గకపోతే డోసు పెంచమని రోగులు అడుగుతారు. ఎంతవరకు చేయొచ్చు? ఏదైనా తేడా వస్తే బాధ్యత ఎవరిది? (స్టాఫ్ నర్స్, శ్రీకాకుళం జిల్లా)

ముందు నాలుగు పనుల్ని వేరు చేసి చూడండి. మందు మొదలుపెట్టడం ఒకటి, ఉన్న మందును కొనసాగించడం ఒకటి, డోసు మార్చడం ఒకటి, చేతికి అందివ్వడం ఒకటి. మన ఊళ్లలో జరిగే పొరపాట్లు చాలావరకు ఈ నాలుగూ ఒకటే అనుకోవడం వల్ల వస్తున్నాయి.

అందివ్వడానికి మీకు చట్టం అండ ఉంది. ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ కె ప్రకారం, ప్రభుత్వ ఆరోగ్య కార్యక్రమం కింద ఉప కేంద్రాల్లోని నర్సులు, ఏఎన్‌ఎంలు మందులు ఇవ్వడానికి అమ్మకం లైసెన్సు అక్కర్లేదు. అది పంపిణీకి ఇచ్చిన మినహాయింపు మాత్రమే. దాన్ని రాసే హక్కుగా అర్థం చేసుకోకూడదు. కొనసాగించడం కూడా మీ పనే: పీహెచ్‌సీ డాక్టరు మొదలుపెట్టిన మందును, బీపీ అదుపులో ఉన్నంతకాలం, ప్రతి నెలా చూసి ఇస్తారు. మొదలుపెట్టడం, మార్చడం మాత్రం డాక్టరు పని. ఈ-సంజీవని (దూరం నుంచి డాక్టరును సంప్రదించే ప్రభుత్వ సేవ) అందుకే ఉంది. అందులో డాక్టరు రాసిన ఈ-చీటీ మీకు రక్షణ, రోగికీ రక్షణ. ఫోనులో నోటిమాటగా "ఇచ్చెయ్యమ్మా" అన్నది రక్షణ కాదు. పని హడావిడిలో అలా జరుగుతుంటుందని తెలుసు. కనీసం ఆ రోజు సాయంత్రంలోగా అది చీటీ రూపంలో నమోదయ్యేలా పట్టుబట్టండి.

డోసు పెంచమని ఎవరైనా అడిగినప్పుడు డాక్టరుకు ఫోన్ చేయకముందే మీరు తేల్చాల్సినవి ఉన్నాయి. బీపీ సరిగ్గా చూశారా? అరగంట ముందు నుంచి టీ, కాఫీ, చుట్ట, బీడీ ఉండకూడదు. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే అంకె ఎక్కువ చూపిస్తుంది. రెండుసార్లు చూసి రాయండి. తర్వాత బిళ్లలు లెక్కపెట్టండి: పోయిన నెల ముప్పై ఇస్తే ఇంట్లో పన్నెండు మిగిలాయంటే మందు చాలకపోవడం కాదు, వేసుకోకపోవడం. పచ్చళ్లు, ఉప్పు చేపలు, ఊళ్లో ఎవరో ఇచ్చిన నొప్పి బిళ్లలు కూడా అడగండి. నొప్పి బిళ్లలు బీపీని పెంచుతాయి. ఇవన్నీ చూశాక కూడా 140/90 దాటి ఉంటే డాక్టరుతో మాట్లాడించండి. 180/110 దాటితే అదే రోజు పంపండి.

అధిక రక్తపోటు నియంత్రణకు 2017లో మొదలైన జాతీయ కార్యక్రమంలో తొలి అయిదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆ పద్ధతిలో సాధారణంగా అమ్లోడిపిన్ 5 మి.గ్రా.తో మొదలుపెడతారు. చాలకపోతే టెల్మిసార్టాన్ 40 మి.గ్రా. కలుపుతారు, తర్వాతే క్లోర్‌థాలిడోన్ వస్తుంది. ఈ మెట్లు తెలిసి ఉండటం వల్ల డాక్టరుతో మీ మాట స్పష్టంగా ఉంటుంది. రెండు హెచ్చరికలు. పిల్లలు పుట్టే వయసు స్త్రీ అయితే టెల్మిసార్టాన్ ఇచ్చే ప్రతిసారీ నెలసరి తేదీ అడగండి. గర్భంలో అది బిడ్డ మూత్రపిండాల్ని దెబ్బతీస్తుంది. రెండోది, అమ్లోడిపిన్ వాడేవాళ్లకు కాళ్లు వాస్తే దానికి మళ్లీ నీరు తీసే బిళ్ల జతచేయవద్దు. ఆ వాపు చాలాసార్లు ఆ మందు వల్లే వస్తుంది. ఒక మందు దుష్ఫలితాన్ని కొత్త జబ్బనుకుని రెండో మందు, దాని ఫలితానికి మూడోది, ఇలా సంచి నిండిపోతుంది.

బాధ్యత సంగతి. ఉన్న ప్రొటోకాల్ (రాసిపెట్టిన చికిత్సా క్రమం) ప్రకారం, డాక్టరు చీటీ మీద, రిజిస్టర్లో రాసి ఇచ్చినంతవరకు మీరు మీ విధి చేసినట్టే. ప్రొటోకాల్ దాటి సొంతంగా మార్చితే ఎవరి ఉద్దేశం ఎంత మంచిదైనా మీరొక్కరే జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. ఇది అన్యాయమని మీరు అంటే మేమూ ఒప్పుకుంటాం. ఊరిని నర్సు చేతిలో పెట్టి, ఆమె ఏం చేయొచ్చో చట్టంలో స్పష్టంగా రాయకపోవడం ప్రభుత్వాల లోపం.

స్పష్టంగా రాసిన చోట ఎంత బాగా పనిచేస్తుందో చూడండి. గర్భిణికి ఫిట్స్ వస్తే ఏఎన్‌ఎం మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు తానే ఇవ్వొచ్చని కేంద్రం మార్గదర్శకాల్లో ఉంది: 50 శాతం ద్రావణం, ఒక్కో పిరుదులో 5 గ్రాముల చొప్పున లోతుగా, మొత్తం 10 గ్రాములు, ఆ వెంటనే పెద్దాసుపత్రికి తరలింపు. పెద్దాసుపత్రికి తీసుకెళ్లడం కుదరని పరిస్థితిలో, రెండు నెలల లోపు పసికందుకు ఇన్‌ఫెక్షన్ ముదిరితే ఏఎన్‌ఎం జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వొచ్చని 2014లో అనుమతించారు. జబ్బు ఏది, మందు ఏది, ఎంత, తర్వాత ఎక్కడికి పంపాలి, అన్నీ కాగితం మీద ఉన్నాయి. హక్కు విస్తరించడమంటే ఇలాంటి కాగితాలు ఇంకా రావడమే అని మా అభిప్రాయం.

ప్రశ్న: 2019 చట్టంలో నర్సులు, ఇతరులకు మందులు రాసే లైసెన్సు ఇస్తారని ఉందట. నిజమేనా? (బీఎస్సీ నర్సింగ్ విద్యార్థిని, హైదరాబాద్)

జాతీయ వైద్య కమిషన్ చట్టం, 32వ సెక్షన్. "కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్" పేరుతో పరిమిత లైసెన్సు ఇవ్వొచ్చని ఉంది. వాళ్ల సంఖ్య రిజిస్టర్డ్ డాక్టర్లలో మూడో వంతు దాటకూడదు. ప్రాథమిక, నివారణ వైద్యంలో మాత్రమే, నిర్దేశించిన మందులు స్వతంత్రంగా రాయొచ్చు. మిగతా చోట్ల డాక్టరు పర్యవేక్షణలోనే. ఎవరు అర్హులు, ఏ మందులు అన్నవి కమిషన్ నిబంధనలతో తేల్చాలి. సెక్షన్ ఒక్కటే ఎవరికీ లైసెన్సు ఇవ్వదు. మీ డిగ్రీ చూపించి దాని కింద హక్కు ఉందని ఎవరైనా కోర్సు అమ్మజూపితే డబ్బు కట్టకండి.

ప్రశ్న: మా ఊళ్లో ఆర్‌ఎంపీ ముప్పై ఏళ్లుగా అర్ధరాత్రి పిలిచినా వస్తాడు. డాక్టరు పన్నెండు మైళ్ల దూరంలో ఉంటాడు. అతనికే శిక్షణ ఇచ్చి హక్కు ఇస్తే పోదా? (రైతు, నల్లగొండ జిల్లా)

మీ కష్టం నిజం. అతను రాకపోతే ఆ రాత్రి ఎవరూ రారన్నదీ నిజం. అందుకే సూటిగా జవాబిస్తున్నాం: అర్ధరాత్రి వచ్చే మనిషి ఊరికి కావాలి, అతని సంచిలోని మందుల్లో చాలావాటి అవసరం మాత్రం ఊరికి లేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్‌ఎంపీలకు కమ్యూనిటీ పారామెడిక్ శిక్షణ మొదలైంది. ప్రథమ చికిత్స చేసి ఆసుపత్రికి పంపేవాళ్లుగా తీర్చిదిద్దాలన్నది దాని ఉద్దేశం. అది కూడా మందులు రాసే లైసెన్సు కాదు. రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేస్తే 2019 చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. తెలంగాణ వైద్య మండలి ఈ మధ్య ఏళ్లలో తనిఖీలు చేసి కేసులు పెడుతోంది.

ఇంతకీ ప్రమాదం ఎక్కడంటే, జ్వరానికి, ఒళ్లు నొప్పులకు వేసే డెక్సామెథసోన్ (ఇది స్టెరాయిడ్), డైక్లోఫెనాక్ సూదుల జంటలో. గంటలో జ్వరం దిగి, హుషారు వస్తుంది. రోగికి నమ్మకం కుదురుతుంది. లోపల ఇన్‌ఫెక్షన్ అలాగే ఉంటుంది, షుగర్ ఉన్నవాళ్లకు అది ఎగబాకుతుంది. డెంగీ అయితే డైక్లోఫెనాక్ రక్తస్రావానికి దారి తీస్తుంది. నెలల తరబడి స్టెరాయిడ్ పడ్డవాళ్లకు అది హఠాత్తుగా ఆగితే బీపీ పడిపోయి స్పృహ తప్పుతారు. సూది పనిచేసినట్టు కనపడటమే ఇక్కడ మోసం. జ్వరానికి పారాసెటమాల్, నీళ్లు, ఓఆర్‌ఎస్ ఇచ్చి, మూడో రోజుకూ తగ్గకపోతే రక్తపరీక్షకు పంపే ఆర్‌ఎంపీ ఉంటే అతన్ని కాపాడుకోండి. సూది సంచితో వచ్చేవాణ్ణి ఆపండి.

హక్కు ఇవ్వాలంటే ఒక రిజిస్టర్ ఉండాలి, తప్పు చేస్తే అందులోంచి పేరు కొట్టేసే సంస్థ ఉండాలి, పరీక్ష ఉండాలి. నర్సుకు, ఫిజియోథెరపిస్ట్‌కు ఈ మూడూ ఉన్నాయి. ఆర్‌ఎంపీకి ఒక్కటీ లేదు. విస్తరణ మొదలయ్యేది ఎవరితో అన్న ప్రశ్నకు మా జవాబు ఇదే.

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్‌లో ఫిజియోథెరపిస్ట్. అక్కడ వాళ్లు మందులు రాస్తారట. వాడికీ ఆ హక్కు వస్తుందా? ఇక్కడికి వచ్చాక పనికొస్తుందా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం)

వస్తుంది, కానీ ఉద్యోగంతోపాటు దానంతటదే రాదు మాస్టారూ. ఇక్కడికి తిరిగొచ్చాక మాత్రం పనికిరాదు. ఆ హక్కు అక్కడి రిజిస్టర్‌కే కట్టుబడి ఉంటుంది.

బ్రిటన్ ఈ దారిలో ముప్పై ఏళ్లు అంచెలంచెలుగా నడిచింది. 1992లో నర్సులకు చట్టం చేసి, 1994లో కొన్ని చోట్ల ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. 2003లో "సప్లిమెంటరీ" పద్ధతి వచ్చింది. అంటే జబ్బు నిర్ధారణ డాక్టరుది. ఏ మందులు, ఏ హద్దుల్లో మార్చొచ్చో డాక్టరు, ఆ వృత్తినిపుణుడు, రోగి ముగ్గురూ ఒప్పుకుని ఒక ప్రణాళిక రాసుకుంటారు. దాని లోపల నర్సో ఫార్మసిస్టో మందు రాస్తారు. 2005లో ఫిజియోథెరపిస్టులు, పాదాల నిపుణులు, రేడియోగ్రాఫర్లు ఇందులో చేరారు. 2006లో నర్సులు, ఫార్మసిస్టులకు స్వతంత్ర హక్కు వచ్చింది. ఆప్టోమెట్రిస్టులకు 2008లో, ఫిజియోథెరపిస్టులకు, పాదాల నిపుణులకు 2013లో, క్యాన్సర్ రేడియేషన్ ఇచ్చే రేడియోగ్రాఫర్లకు 2016లో, పారామెడిక్‌లకు 2018లో వచ్చింది. డైటీషియన్లకు 2016లో సప్లిమెంటరీ హక్కు దగ్గరే ఆపారు. ఒక్కో వృత్తికి ఒక్కో హద్దు గీశారు.

మీ అబ్బాయి చేయాల్సింది: అక్కడి ఆరోగ్య వృత్తుల మండలి రిజిస్టర్‌లో ఉండాలి, ఆ రంగంలో సాధారణంగా మూడేళ్ల అనుభవం కావాలి, తాను పనిచేసే చోట ఆ హక్కు అవసరమని యాజమాన్యం చెప్పాలి. తర్వాత మండలి ఆమోదించిన కోర్సు. దాదాపు 26 రోజుల తరగతులు, 90 గంటలు ఒక అనుభవజ్ఞుడైన ప్రిస్క్రైబర్ (మందులు రాసే హక్కు ఉన్నవారు) కళ్లెదుట పని. చాలా కోర్సుల్లో మందుల లెక్కల పరీక్షలో నూటికి నూరు రావాలి, ఒక్క దశాంశ బిందువు తప్పితే ఫెయిల్. పాసైనా, రిజిస్టర్‌లో పేరు పక్కన గుర్తు పడేదాకా ఒక్క చీటీ రాయకూడదు. ఆ తర్వాత కూడా శరీర కదలిక, పనితీరుకు సంబంధించిన జబ్బులకే రాయాలి. మత్తు, నిద్ర మందుల తరగతిలో మార్ఫిన్, డయజెపాం వంటి ఏడింటికే అనుమతి. మెడనొప్పికి రాయొచ్చు గానీ, అదే రోగి దగ్గుకు యాంటీబయాటిక్ అడిగితే కుదరదు.

కుర్రాడు కోర్సుకు సిద్ధపడుతుంటే ముందుగా వృత్తి బీమా పత్రం చదవమనండి. మందులు రాయడం కూడా అందులోకి వస్తుందో లేదో చూసుకోవాలి.

ప్రశ్న: డాక్టర్లు కానివాళ్లు రాస్తే ప్రాణాల మీదికి వస్తుందని డాక్టర్ల సంఘం అంటోంది. దానికి ఆధారం ఉందా? (పాఠకుడు, అనంతపురం)

2016లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 46 అధ్యయనాలను కలిపి పరిశీలించింది. బీపీ, షుగర్, కొలెస్టరాల్ అదుపులో, రోగుల సంతృప్తిలో డాక్టరు కాని ప్రిస్క్రైబర్ల ఫలితాలు డాక్టర్లతో సమానంగా ఉన్నాయి. దీన్ని పట్టుకుని అందరికీ హక్కు ఇచ్చేయమనడం కూడా తప్పే. ఆ అధ్యయనాల్లో మందులు రాసినవాళ్లు నర్సులు, ఫార్మసిస్టులే. వాళ్లు చాలావరకు రాసి ఉన్న ప్రొటోకాల్స్‌తో పనిచేశారు, చాలా అధ్యయనాలు సంపన్న దేశాలవి, వెనక ల్యాబు, డాక్టరు అందుబాటులో ఉన్నారు. నిర్ధారణ అయిన దీర్ఘకాలిక జబ్బుకు మందు సర్దుబాటు చేయడంలో భయం తక్కువ. ఎవరూ చూడని కొత్త జ్వరానికి, కడుపు నొప్పికి మందు రాయడంలో భయం ఎక్కువ. డాక్టర్ల సంఘం ఆందోళనలో ఈ రెండో సగం న్యాయమైనది. మొదటి సగానికి కూడా అదే మాట అనడం వల్ల పల్లెల్లో బీపీ రోగులు నష్టపోతున్నారు.

ప్రశ్న: మెడికల్ షాపు నడుపుతున్నాను. ఎవరి చీటీలు తీసుకోవాలి, ఎవరివి వెనక్కి పంపాలి? (ఫార్మసిస్ట్, కరీంనగర్)

చీటీ మీద రాసినవారి సంతకం, తేదీ, రోగి పేరు, చిరునామా, మందు మొత్తం పరిమాణం, డోసు ఉండాలి. రాసినవారు 2(ఈఈ) కిందికి వస్తారో లేదో రిజిస్ట్రేషన్ నంబరుతో తేల్చుకోండి. ఫిజియోథెరపిస్ట్, ఆప్టోమెట్రిస్ట్, నర్సు, ఆర్‌ఎంపీ చీటీల మీద షెడ్యూల్ హెచ్ మందు ఇవ్వకూడదు. ఆయుష్ డాక్టర్ల సంగతి రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు మీద ఆధారపడుతుందని 1998లో ముఖ్తియార్ చంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఉత్తర్వు చూపించనిదే ఇవ్వకండి. హెచ్1 మందులకు (కొత్త తరం యాంటీబయాటిక్స్, టీబీ మందులు, అల్ప్రజోలాం వంటివి) వేరే రిజిస్టర్: డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణం, మూడేళ్లు దాచాలి. ఇంకా గట్టి నియంత్రణ ఉన్న షెడ్యూల్ ఎక్స్ మందు అయితే చీటీ రెండు ప్రతులు, ఒకటి మీ దగ్గర రెండేళ్లు. మళ్లీ ఇవ్వొచ్చని రాసి ఉంటే తప్ప ఒక చీటీకి ఒక్కసారే. ఇచ్చిన తేదీ, షాపు పేరు చీటీ మీదే వేయండి, లేకపోతే అదే కాగితం ఊరంతా తిరుగుతుంది.

ప్రశ్న: ఆప్టోమెట్రిస్ట్‌ను. కన్ను ఎర్రబడి వచ్చిన కూలీలకు చుక్కల మందు ఇవ్వకుండా ఎలా పంపను? (ఖమ్మం జిల్లా)

కంటి చుక్కల్లో యాంటీబయాటిక్, స్టెరాయిడ్ ఉన్నవి షెడ్యూల్ హెచ్‌లోనివే. పైపూత మినహాయింపు వాటికి లేదు. బ్రిటన్‌లో అదనపు కోర్సు చేసిన ఆప్టోమెట్రిస్ట్ కంటి మందులు రాయొచ్చు. ఇక్కడ ఇంకా లేదు.

చట్టాన్ని పక్కన పెట్టినా ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. వరి కోతల్లో, నూర్పిళ్లలో కంట్లో పొట్టు, ఆకు కోసుకుని వచ్చే పుండు మన దగ్గర చాలాసార్లు బూజు వల్ల వచ్చేది, ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ రకాలు. దానికి స్టెరాయిడ్ కలిసిన చుక్కలు వేస్తే మొదటి రెండు రోజులు ఎరుపు, నొప్పి తగ్గుతాయి. బూజు మాత్రం లోపలికి పాకి నల్లగుడ్డుకు రంధ్రం పడుతుంది. అసలు చికిత్స నటామైసిన్ 5 శాతం, మెలకువగా ఉన్నంతసేపు గంట గంటకు, వారాల తరబడి. అది మొదలుపెట్టే ముందు పుండు గీకి సూక్ష్మదర్శినిలో చూడాలి. కాబట్టి మీ వంతు: చూపు కొలిచి రాయండి, కన్ను శుభ్రమైన నీటితో కడగండి, కట్టు కట్టకండి, ఏం గుచ్చుకుందో, ముందే ఏ చుక్కలు వేశారో రాసి అదే రోజు పంపండి. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి పల్లెల్లోని విజన్ సెంటర్లు ఇలా చూసి పంపే పద్ధతి మీదే నడుస్తున్నాయి. పెద్ద డాక్టరుతో మాట్లాడే దారి ముందే ఏర్పాటు చేసుకున్న సెంటరులో రోగి ఉత్త చేతులతో వెళ్లడు.

ప్రశ్న: ఆశా కార్యకర్తను. పిల్లల జ్వరానికి సిరప్ ఎంత పోయాలని తల్లులు అడుగుతారు. ఒక్కో సీసా మీద ఒక్కోలా ఉంటుంది. ఎలా లెక్కపెట్టాలి? (ప్రకాశం జిల్లా)

ముందు బిడ్డను తూకం వేయండి. వయసును బట్టి అంచనా వద్దు. పారాసెటమాల్ కిలోకు 15 మి.గ్రా. పది కిలోల బిడ్డకు ఒక విడత 150 మి.గ్రా. ఇప్పుడు సీసా చూడండి. 5 మి.లీ.లో 125 మి.గ్రా. అని ఉంటే 6 మి.లీ. పోయాలి. 5 మి.లీ.లో 250 అని ఉంటే 3 మి.లీ. చాలు. చుక్కల సీసా మీద 1 మి.లీ.లో 100 మి.గ్రా. అని ఉంటే 1.5 మి.లీ. మాత్రమే. మూడూ పారాసెటమాలే. ఒక తల్లి సిరప్ లెక్క గుర్తుపెట్టుకుని చుక్కల మందు 6 మి.లీ. పోస్తే బిడ్డకు 600 మి.గ్రా. పడుతుంది, ఇవ్వాల్సిన దానికి నాలుగు రెట్లు. అలా రెండు మూడు సార్లు జరిగితే కాలేయం దెబ్బతింటుంది.

ఆరు గంటలకు తక్కువ కాకుండా, రోజుకు నాలుగు విడతలు దాటకుండా. చెంచాతో కాదు, సీసాతో వచ్చే గీతల మూతతో గానీ సూది లేని సిరంజితో గానీ కొలవమనండి. ఇంకో సీసాలో జలుబు మందు ఉంటే దానిలోనూ పారాసెటమాల్ కలిసి ఉందేమో చదవండి. విరేచనాలుంటే ఓఆర్‌ఎస్ ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒకేసారి కలిపి, 24 గంటలు దాటితే పారబోయాలి. జింక్ ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మి.గ్రా., రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు 10 మి.గ్రా., విరేచనాలు ఆగినా 14 రోజులూ ఇవ్వాలి. రెండు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే ఏ సిరప్పూ చెప్పకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.